"లోపల ఉంది" అంటే నేరుగానా, ఎంత లోతునైనానా? మ్యాచర్ ఫంక్షన్ల పేర్ల గురించి సలహా కావాలి

మిర్యాలగూడ_ఎడమకాలువ

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదివి చెప్పండి.

నేను పనిచేసే టీమ్‌లో సీ, సీ ప్లస్ ప్లస్ కోడ్‌ను పరీక్షించే టూల్ ఒకటి ఉంది. కంపైలర్ కోడ్‌ను చదివి ముందు చెట్టుగా కట్టుకుంటుంది కదా, ఆ సింటాక్స్ ట్రీ మీద "ఈ ఆకారం ఎక్కడ కనబడ్డా చెప్పు" అని మేం రూల్స్ రాస్తాం. ఆకారాన్ని వర్ణించడానికి వాడే చిన్న చిన్న ఫంక్షన్లే మ్యాచర్లు. క్లాంగ్ అనే కంపైలర్‌లోని ఏఎస్‌టీ (అంటే ఆ చెట్టే) మ్యాచర్లను చూసి, మా అవసరానికి సరిపడా లైబ్రరీని మూడేళ్ల కింద నేనే మొదలుపెట్టాను. కాన్పుకు తల్లిగారింటికి మిర్యాలగూడ వచ్చాక కూడా ఇక్కడి నుంచే దాన్ని చూసుకుంటున్నాను. ఇప్పుడు అందులో 70 దాకా ఫంక్షన్లున్నాయి. పేర్లు దాదాపు అన్నీ నేను పెట్టినవే.

జరిగింది ఇది. ఫర్ లూప్ షరతులో స్టర్‌లెన్‌ను పిలిస్తే హెచ్చరించే రూల్ ఒకటి మా టీమ్ అబ్బాయి రాశాడు. లూప్ తిరిగిన ప్రతిసారీ స్టర్‌లెన్ ఆ స్ట్రింగ్‌ను మొదటి అక్షరం నుంచి చివరి సున్నా దాకా లెక్కపెడుతుంది. లక్ష అక్షరాల స్ట్రింగ్ అయితే లక్ష సార్లు లక్ష. లూప్ లోపల ఆ స్ట్రింగ్‌లోకే ఏదైనా రాస్తుంటే, కంపైలర్ కూడా ఆ లెక్కను లూప్ బయటికి తీసి ఒక్కసారితో సరిపెట్టలేదు. అంటే రూల్ అవసరమైనదే. అతను నా లైబ్రరీలో "ఇన్‌సైడ్" అనే ఫంక్షన్ చూసి, షరతు లోపల స్టర్‌లెన్ ఉంటే పట్టుకొమ్మని రాశాడు. టెస్టు పెట్టాడు, పాసయింది. టెస్టులో షరతు "ఐ విలువ స్టర్‌లెన్ కంటే తక్కువ", అంతే.

అసలు కోడ్‌లో మాత్రం "స్టర్‌లెన్ మైనస్ ఒకటి కంటే తక్కువ" అని ఉంది. ఆ మైనస్ ఒకటితో చెట్టు మారిపోయింది. చెట్టులో ఒక్కో ముక్కను నోడ్ అంటాం. టెస్టులో లెస్ దేన్ ("కంటే తక్కువ") నోడ్‌కు నేరుగా కిందనే స్టర్‌లెన్ కాల్ ఉంది. అసలు కోడ్‌లో లెస్ దేన్ కింద తీసివేత ఉంది, ఆ తీసివేత కింద కాల్ ఉంది. నా "ఇన్‌సైడ్" ఒక్క మెట్టు కిందికే చూస్తుంది. కాల్ రెండో మెట్టు మీద ఉంది.

రూల్ నాలుగు వారాలు నడిచింది. ఒక్క హెచ్చరిక కూడా రాలేదు. రాకపోతే కోడ్ బాగుందనుకున్నాం. తీరా పెద్ద ఫైల్ ఒకటి నిమిషాల తరబడి కదలకపోతే కాలం ఎక్కడ పోతోందో చూపే ప్రొఫైలర్ పెట్టి చూశాం, కాలమంతా స్టర్‌లెన్‌లోనే పోతోంది. రూల్ పట్టుకోవాల్సింది సరిగ్గా అదే లూప్.

ఇలాంటి లైబ్రరీలో నన్ను భయపెట్టేది ఇదే. మామూలు ఫంక్షన్‌ను తప్పుగా వాడితే ప్రోగ్రామ్ పడిపోతుంది, లేదా లెక్క తప్పుతుంది, ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు. మ్యాచర్ పేరును తప్పుగా అర్థం చేసుకుంటే ఏ సప్పుడూ ఉండదు. ఆ అబ్బాయిని నేను ఏమీ అనలేకపోయాను. "ఇన్‌సైడ్" అన్న మాట చదివి ఎవరైనా ఎంత లోతునైనా అనే అనుకుంటారు.

అదే వారం నాయిన యాసంగి వడ్లు అమ్మి వచ్చాడు. రాత్రి నోట్‌బుక్ ముందేసుకుని లెక్క చూసుకుంటున్నాడు. బస్తాలు, తూకం, తరుగు, చేతికి వచ్చింది అని నాలుగు గడులు. తరుగు కింద ఒక్కటే అంకె. తేమ 17 శాతం దాటలేదు, మీటర్‌లో తనే చూశాడు. మరి ఈ కోత తాలుకు పెట్టిందా, మట్టికా, సంచి బరువుకా? అక్కడ అడిగితే "తరుగంటే తరుగే" అన్నారట. నాయిన ఆ అంకె చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి, మళ్లీ మళ్లీ దాన్నే చూస్తున్నాడు. నాకు వెంటనే మా లైబ్రరీలోని "స్కిప్" గుర్తొచ్చింది. అది బ్రాకెట్లను తీసేస్తుంది, కంపైలర్ తనంతట తాను చేర్చిన టైపు మార్పిడులను తీసేస్తుంది, మనిషి కావాలని రాసిన టైపు మార్పిడులను, అంటే క్యాస్ట్‌లను కూడా తీసేస్తుంది. మూడింటికీ ఒకటే పేరు. ఏది తీసేస్తుందో తెలియాలంటే లోపలికెళ్లి కోడ్ చదవాలి.

ఇప్పుడు పేర్లన్నీ మార్చాలని కూర్చున్నాను. "ఇన్‌సైడ్"కు ఏం పెట్టాలి? "స్కిప్"ను విడగొట్టాలా, అలాగే ఉంచి డాక్యుమెంటేషన్‌లో రాస్తే చాలా? పేరులోనే అన్నీ చెప్పబోతే మరీ పొడుగైపోతాయని టీమ్‌లో ఇద్దరు అంటున్నారు. కంపైలర్ల మీద పనిచేసినవాళ్లు మీరెలా పెడతారో చెప్పండి.

పాలమూరు_పార్సర్

మంచి ప్రశ్న అడిగారు. క్లాంగ్ మ్యాచర్లతో ఆరేళ్లుగా పని చేస్తున్నాను. నేను పాటించే పద్ధతి ఒకటే: పేరు పెట్టాక, ఆ మ్యాచర్‌తో రాసిన మొత్తం రూల్‌ను తెలుగులో పైకి చెప్పి చూస్తాను.

ఇది ఎందుకు పనికొస్తుందో చెప్తా. స్టర్‌లెన్ కాల్‌ను పట్టుకోవాలంటే క్లాంగ్‌లో కాల్‌ఎక్స్‌ప్ర్, దాని లోపల కాలీ, దాని లోపల ఫంక్షన్‌డెక్ల్, దాని లోపల హ్యాజ్‌నేమ్, చివరికి స్టర్‌లెన్ అన్న పేరు రాస్తాం. అంటే బయటి నుంచి లోపలికి. తెలుగులో చెబితే పూర్తిగా తిరగబడుతుంది: "స్టర్‌లెన్ అనే పేరున్న ఫంక్షన్‌ను పిలిచే కాల్". మనకు గుణం ముందొస్తుంది, వస్తువు చివరికొస్తుంది. మంచి మ్యాచర్ పేరు ఈ వాక్యంలో తనంతట తానే "ఉన్న", "అయిన", "పిలిచే" లాంటి మాటగా మారిపోతుంది. అలా మారకుండా అడ్డం తిరిగిందంటే పేరులో ఏదో తేడా ఉంది.

మీ "ఇన్‌సైడ్"ను ఇలా చెప్పి చూడండి. లెస్ దేన్ మీద ఇన్‌సైడ్, దానికి ఇచ్చింది స్టర్‌లెన్. "స్టర్‌లెన్ లోపల ఉన్న లెస్ దేన్" అనాలా, "లోపల స్టర్‌లెన్ ఉన్న లెస్ దేన్" అనాలా? రెండూ కుదురుతున్నాయి. మీరు లోతు ఒక్కటే తేలలేదనుకుంటున్నారు కానీ, దిక్కు కూడా తేలలేదు. ఎవరో ఒకరు ఇప్పటికే దాన్ని "నా పైన ఫలానాది ఉంది" అన్న అర్థంలో వాడే ఉంటారు. వెతికి చూడండి.

క్లాంగ్ వాళ్లు దీనికి బంధుత్వం పేర్లు వాడారు. నేరుగా కింద ఉంటే హ్యాజ్, కింద ఎంత లోతునైనా ఉంటే హ్యాజ్‌డిసెండెంట్, నేరుగా పైన ఉంటే హ్యాజ్‌పేరెంట్, పైన ఎక్కడైనా ఉంటే హ్యాజ్‌యాన్సెస్టర్. దిక్కు విషయంలో ఇక సందేహానికి చోటు లేదు, ఎందుకంటే తల్లి ఎప్పుడూ పైనే ఉంటుంది. కానీ ఒట్టి "హ్యాజ్" నాకు మొదటి నుంచీ నచ్చలేదు. మిగతా మూడూ బంధుత్వం చెబుతున్నాయి, ఇదొక్కటే చెప్పదు. మా నాయనమ్మను "నీకు పిల్లలెంతమంది" అని అడిగితే మనవళ్లను, మనవరాళ్లను కలిపి చెప్పేది. ఆమె దృష్టిలో అందరూ పిల్లలే. "హ్యాజ్" చదివిన కొత్తవాళ్లు కూడా అలాగే లెక్కపెడతారు. మీరు చేతికి అంటిన తప్పును దిద్దుకుంటున్నారు కాబట్టి చెప్తున్నా, క్లాంగ్‌ను ఇక్కడ అనుసరించకండి. ఒకదానికి "హ్యాజ్‌డైరెక్ట్‌చైల్డ్", రెండోదానికి "హ్యాజ్‌డిసెండెంట్" అని పెట్టండి. డైరెక్ట్ అన్న మాట ఎక్కువైందని ఎవరైనా అంటే మీ నాలుగు వారాల సంగతి చెప్పండి.

"స్కిప్"ను విడగొట్టాల్సిందే. రిటర్న్ పక్కన బ్రాకెట్లలో ఎక్స్ అని రాస్తే, ఎక్స్ మామూలు ఇంట్ వేరియబుల్ అయినా, క్లాంగ్ చెట్టులో రిటర్న్ కింద మనకు కనబడని క్యాస్ట్ ఒకటి, దాని కింద బ్రాకెట్ నోడ్, దాని కింద వేరియబుల్ వస్తాయి. ఆ క్యాస్ట్ మనం రాసింది కాదు, వేరియబుల్ నుంచి విలువను చదవడానికి కంపైలర్ పెట్టుకున్నది. వీటిని దాటడానికి క్లాంగ్‌లో ఇగ్నోరింగ్‌ఇంప్‌కాస్ట్స్, ఇగ్నోరింగ్‌పేరెన్‌కాస్ట్స్, ఇగ్నోరింగ్‌పేరెన్‌ఇంప్‌కాస్ట్స్ అని వేర్వేరుగా ఉన్నాయి. నోరు తిరగని పేర్లే, ఒప్పుకుంటా. కానీ ఏది తీసేశారో పేరులోనే రాసి ఉంది. మనిషి రాసిన క్యాస్ట్‌ను కూడా దాటాలా, కంపైలర్ పెట్టినదాన్ని మాత్రమే దాటాలా అన్నది చిన్న తేడా కాదు. ఎవరైనా సైన్ పోతుందని తెలిసే అన్‌సైన్డ్‌కు మార్చి ఉంటే, ఆ క్యాస్ట్‌ను దాటేసిన రూల్ అతను కావాలని చేసిన పనిని చూడకుండానే తీర్పు చెబుతుంది. మీ నాయన నోట్‌బుక్‌లో తరుగును మూడు గడులుగా రాస్తే ఎలా ఉంటుందో, ఇదీ అంతే.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. కాదు, లేదు అని చెప్పే మ్యాచర్. సీ ప్లస్ ప్లస్‌లో నాట్, అండ్, ఆర్ అన్నవి భాష తనకు తాను ఉంచుకున్న మాటలు, ఫంక్షన్లకు పెట్టనివ్వదు. అందుకే క్లాంగ్‌లో అన్‌లెస్, ఆల్‌ఆఫ్, ఎనీఆఫ్ అని ఉంటాయి. పేరు సరే, కానీ దాన్ని ఎక్కడ పెడుతున్నామన్నది చూడాలి. హ్యాజ్‌డిసెండెంట్ బయట అన్‌లెస్ పెడితే "కింద ఎక్కడా స్టర్‌లెన్ లేని లూప్". లోపల పెడితే "స్టర్‌లెన్ కానిది ఏదో ఒకటి కింద ఉన్న లూప్". వడ్ల భాషలోనే చెప్పాలంటే, మొదటిది తాలు లేని బస్తా. రెండోది తాలు కానిది ఉన్న బస్తా. రెండోది అడిగితే యార్డులో ప్రతి బస్తా వచ్చి నిలబడుతుంది. ఈ తప్పు నేను రివ్యూల్లో చాలాసార్లు చూశాను, ప్రతిసారీ తెలుగులో చెప్పి చూపిస్తేనే ఎదుటివాళ్లకు వెంటనే వెలిగింది. మీరు వీలైతే "హ్యాజ్‌నోడిసెండెంట్" అని విడిగా ఒక ఫంక్షన్ ఇచ్చేయండి.

నార్కట్‌పల్లి_హైవే

పాలమూరు అన్న చెప్పింది కాదనను, కానీ ఒకటి చూడండి. రోజుకు వంద సార్లు రాసే మాట పొడుగ్గా ఉంటే రూల్ ఆకారం కంటికి ఆనదు. చదివేవాడు పేర్లనే చదువుతాడు, ఆకారం జారిపోతుంది.

క్లాంగ్ వెనక పనిచేసే ఎల్‌ఎల్‌వీఎమ్‌లో ఇన్‌స్ట్రక్షన్లను సరిచూసే ప్యాటర్న్‌మ్యాచ్ హెడర్ చూడండి. ఎం_యాడ్, ఎం_వాల్యూ, ఎం_జీరో. ఎడమ కుడి తారుమారైనా సరిపోవాలంటే మధ్యలో ఒక్క సీ అక్షరం, ఎం_సి_యాడ్. కమ్యుటేటివ్ అన్న పూర్తి మాట పెట్టి ఉంటే ఇన్‌స్ట్రక్షన్లను కలిపి సులువు చేసే ఇన్‌స్ట్‌కంబైన్‌లోని ఒక్కో లైన్ రెండు లైన్లయ్యేది. జీసీసీ అనే ఇంకో కంపైలర్ ఇంకా ముందుకు పోయింది. దాని మ్యాచ్ డాట్ పీడీ ఫైల్‌లో కోలన్ సీ అంటే తారుమారైనా ఫరవాలేదు, కోలన్ ఎస్ అంటే ఆ విలువను వాడేది మామూలుగా ఒక్క చోటే ఉండాలి. అంతే, ఒక్కో అక్షరం. ఆ ఫైల్‌లో పని చేసేవాళ్లకు రెండు రోజుల్లో అలవాటవుతుంది.

నేననేది, తరచుగా వాడేదానికి చిన్న పేరు, అరుదుగా వాడేదానికి పెద్ద పేరు. అక్కా, మీ లైబ్రరీలో ఏది ఎన్నిసార్లు వాడారో ముందు లెక్క తీయండి. తీసి అప్పుడు పేర్లు పెట్టండి.

గద్వాల_ఎస్‌ఎస్‌ఏ

హైవే తమ్ముడు చెప్పిన ఎం_ కుటుంబంలోనే నాకు దెబ్బ తగిలింది, అది కూడా పేరు వల్లే. కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మీ లైబ్రరీలో విలువలను పట్టుకుని మళ్లీ పోల్చే ఫంక్షన్ ఉంటే ఇది మీకూ తప్పదు.

నేను గుర్తించాల్సింది చాలా సులువైన ఆకారం. ఎక్స్‌కు, ఎక్స్ ఆర్ వైకి మధ్య బిట్‌వైజ్ అండ్ పెడితే జవాబు ఎక్సే. వై ఏదైనా పనిలేదు. ఎం_వాల్యూ ఎక్స్‌ను పట్టుకుంటుంది. తర్వాత ఆర్ లోపల అదే ఎక్స్ ఉందో లేదో చూడాలి. ఒక నిర్దిష్టమైన విలువ కదా అని ఎం_స్పెసిఫిక్ పెట్టి ఎక్స్‌ను ఇచ్చాను. కంపైలయింది. టెస్టులో పట్టుకోలేదు. రోజంతా ఆపరాండ్ల, అంటే ఎక్స్, వైల, వరుస తప్పేమోనని అటూ ఇటూ మార్చాను.

అసలు సంగతి ఇది. ఎం_స్పెసిఫిక్ తన విలువను ప్యాటర్న్ కట్టేటప్పుడే తీసేసుకుంటుంది. అప్పటికి పోలిక మొదలే కాలేదు, ఎం_వాల్యూ ఎక్స్‌లో ఇంకా ఏమీ పెట్టలేదు. ఎక్స్‌లో అంతకుముందు ఏ చెత్త ఉంటే దానితోనే పోలుస్తుంది. అదే ప్యాటర్న్‌లో పట్టుకున్నదాన్ని అదే ప్యాటర్న్‌లో పోల్చాలంటే ఎం_డిఫర్డ్ వాడాలి. అది విలువను కాపీ చేసుకోకుండా, పోల్చే వేళకు ఎక్స్‌లో ఏముందో వెళ్లి చూస్తుంది. కోడ్ పక్కన వ్యాఖ్యలో ఇది స్పష్టంగానే రాసి ఉంది. కానీ ఎం_స్పెసిఫిక్ అన్న పేరు చూసినవాడికి ఇంకొకటి ఉందేమోనన్న అనుమానం రాదు, అనుమానం లేనివాడు వ్యాఖ్య చదవడు. నాకు జరిగింది అదే.

ఇక్కడ తేడా ఏ విలువ అన్నది కాదు, ఎప్పటి విలువ అన్నది. "స్పెసిఫిక్" అన్న మాటలో ఎప్పుడు అన్న సంగతి లేదు. "డిఫర్డ్"లో ఉంది. రెండు పేర్లలో ఒకటి కాలం గురించి మాట్లాడుతుంటే ఇంకోటి మాట్లాడకపోవడమే చిక్కు. క్లాంగ్‌లో ఇదే పనికి ఈక్వల్స్‌బౌండ్‌నోడ్ అని ఉంది, అంటే ఇప్పటికే కట్టేసిన నోడ్‌తో సమానం, పేరు చదివితేనే అర్థమవుతుంది. జీసీసీలో ఈ బాధే లేదు, @0 అని రెండు చోట్ల రాస్తే రెండూ ఒకటే కావాలని అర్థం. మీ చేతిలో ఉంటే ఒకదానికి "ముందే తెలిసిన విలువ", రెండోదానికి "ఇదే ప్యాటర్న్‌లో పట్టుకున్న విలువ" అన్న అర్థం వచ్చే జంట పేర్లు పెట్టండి. ఒకటి చూస్తే రెండోది గుర్తు రావాలి.

తమ్ముడికి ఒక మాట. నువ్వు చెప్పిన ఎం_జీరో చిన్న పేరే, కానీ అది పూర్ణాంకం సున్నాతో పాటు నల్ పాయింటర్‌ను కూడా ఒప్పుకుంటుంది. పూర్ణాంకం మాత్రమే కావాలంటే ఎం_జీరోఇంట్ వాడాలి. పేరు చిన్నదైతే తప్పు లేదు. చిన్నదాని వెనక ఎక్కువ దాగి ఉంటేనే కష్టం. ఎం_వన్‌యూస్ కూడా చిన్న పేరే, కానీ ఒక్కచోటే వాడిన విలువ అని పూర్తిగా చెబుతుంది. అది ఎందుకు కావాలంటే, పాత ఇన్‌స్ట్రక్షన్‌ను ఇంకెవరైనా వాడుతుంటే దాన్ని తీసేయలేం. కొత్తది చేర్చి, పాతదీ మిగిలితే పని తగ్గదు, పెరుగుతుంది.

మిర్యాలగూడ_ఎడమకాలువ

అన్నలకు, తమ్ముడికి చాలా థాంక్స్. నిన్న పాప పడుకున్నాక కూర్చుని మీరు చెప్పినవన్నీ ఒక్కొక్కటి చేసి చూశాను.

ముందు తెలుగులో చెప్పి చూడటం. 70 ఫంక్షన్లకూ ఒక్కో రూల్ తీసుకుని పైకి చదివాను. అమ్మ వంటింట్లోంచి ఎవరితో మాట్లాడుతున్నావని అడిగింది. మొత్తం 11 పేర్లు వాక్యంలో ఇమడలేదు. "చెక్‌టైప్" అన్నది అందులో ఒకటి. "టైపును సరిచూడు వేరియబుల్" అని వస్తోంది, అది గుణం కాదు, ఆజ్ఞ. దాన్ని "హ్యాజ్‌టైప్" చేశాను, "ఫలానా టైపున్న వేరియబుల్" అని హాయిగా వచ్చింది. ఎల్‌ఎల్‌వీఎమ్ కోడింగ్ స్టాండర్డ్స్‌లో ఫంక్షన్ పేర్లు క్రియలుగా ఉండాలని ఉంటుంది, నేను అది పట్టుకునే చెక్, ఫైండ్, టెస్ట్ అని పెట్టుకుంటూ పోయాను. మ్యాచర్ చూడటానికి ఫంక్షనే అయినా పని చేయడం దాని ఉద్దేశం కాదు, వర్ణించడం. వర్ణనకు ఆజ్ఞ పేరు పెడితే అతకదని ఇప్పుడు అర్థమైంది.

దిక్కు గురించి పాలమూరు అన్న చెప్పింది నిజమైంది. రెండు రూల్స్‌లో "ఇన్‌సైడ్"ను "నా పైన ట్రై బ్లాక్ ఉంది" అనుకుని వాడారు. రెండూ మొదటి రోజు నుంచి ఏమీ పట్టుకోలేదు. రాసినవాళ్లు వేరు వేరు మనుషులు, ఇద్దరూ తమ కోడ్ శుభ్రంగా ఉందనే అనుకున్నారు.

హైవే తమ్ముడు చెప్పినట్టు వాడకం లెక్క కూడా తీశాను. ఎక్కువగా వాడేవి నోడ్ పేర్లే: కాల్, ఇఫ్, లూప్ లాంటివి. అవి ఇప్పటికే చిన్నవి, అలాగే ఉంచాను. బంధుత్వం చెప్పేవి, ఏదైనా తీసేసేవి అంత ఎక్కువ లేవు, వాటిని పొడుగ్గానే ఉంచుతున్నాను. "స్కిప్" మూడు ముక్కలైంది. ఇప్పటిదాకా దాన్ని వాడిన చోట్లలో మనిషి రాసిన క్యాస్ట్‌ను కూడా దాటాల్సిన అవసరం నిజంగా ఉన్నది నాలుగే నాలుగు చోట్ల.

గద్వాల అన్నా, మా దగ్గర "సేమ్" అనే ఫంక్షన్ ఉంది. మీరు చెప్పిన గుంట దానిలోనూ ఉందేమోనని భయంతో చూశాను. మాది పోల్చే వేళకే వెళ్లి చూస్తుంది కాబట్టి ఆ తప్పు జరగదు. అయినా పేరు "సేమ్‌యాజ్‌బౌండ్" అని మారుస్తున్నాను.

ఇప్పుడు మిగిలిన టెన్షన్ ఒకటే. పాత పేర్లను ఏం చేయాలి? "ఇన్‌సైడ్" చాలా రూల్స్‌లో ఉంది. పేరు అలాగే ఉంచి, లోపల అర్థాన్ని ఎంత లోతునైనా అని మార్చేస్తే ఎవరి కోడూ మార్చక్కర్లేదని ఒకరు అంటున్నారు.

పాలమూరు_పార్సర్

అది మాత్రం చేయకండి. పాత పేరుకు కొత్త అర్థం ఇస్తే, నేరుగా కిందిది మాత్రమే కావాలని తెలిసి వాడినవాళ్ల రూల్స్ కూడా మారిపోతాయి, వాళ్లకు తెలియకుండానే. మీరు మొదటి పోస్టులో భయపడ్డ సప్పుడు లేని తప్పు మళ్లీ అదే దారిలో వస్తుంది.

క్లాంగ్‌లోనే 2015లో పెద్ద పేర్ల మార్పు జరిగింది. అంతకుముందు మ్యాచర్ పేరుకూ, అది పట్టుకునే నోడ్ క్లాస్ పేరుకూ చాలా చోట్ల పొంతన ఉండేది కాదు. మెథడ్‌డెక్ల్ కాస్తా సీఎక్స్‌ఎక్స్‌మెథడ్‌డెక్ల్ అయింది, అలాగే ఇంకా చాలా. మంచి మార్పు, ఎందుకంటే చెట్టును డంప్ చేసి నోడ్ పేరు చూస్తే మ్యాచర్ పేరు ఊహించగలం. ఇంతవరకు పాత పేరు రాసినవాళ్లకు ఎర్రర్ వచ్చింది, మార్చుకున్నారు. రికార్డ్‌డెక్ల్ దగ్గర మాత్రం కథ వేరు. అంతకుముందు అది సీ ప్లస్ ప్లస్ క్లాసుల నోడ్‌ను పట్టేది. ఆ పనికి సీఎక్స్‌ఎక్స్‌రికార్డ్‌డెక్ల్ వచ్చింది, రికార్డ్‌డెక్ల్ అన్న పేరు మాత్రం ఇంకా విశాలమైన రికార్డ్ నోడ్‌కు పోయింది. పేరు బతికే ఉంది, అర్థం మారింది. పాత బ్లాగుల్లో ఉదాహరణలు చూసి కాపీ చేసుకునేవాళ్లు అక్కడే తడబడతారు.

మీరు "ఇన్‌సైడ్"ను పాత అర్థంతోనే ఉంచి, సీ ప్లస్ ప్లస్ 14లో వచ్చిన డెప్రికేటెడ్ గుర్తు పెట్టండి. దానికి ఒక సందేశం కూడా ఇవ్వొచ్చు. "వాడొద్దు" అని ఊరుకోకుండా, "ఇది నేరుగా కింద ఉన్నదాన్నే చూస్తుంది, మీకు ఏది కావాలో ఎంచుకోండి" అని రెండు కొత్త పేర్లూ అందులోనే రాయండి. ఒక్కో రూల్ రాసినవాళ్లు ఒక్కో చోట ఆగి నిర్ణయించుకోవాలి. యంత్రంతో అన్నింటినీ ఒకేసారి మార్చేస్తే ఆ రెండు తప్పు రూల్స్ కూడా కొత్త పేరుతో అలాగే మిగిలిపోతాయి.

ఇంకోటి. ప్రతి మ్యాచర్‌కూ పట్టుకోకూడని ఉదాహరణతో కూడా ఒక టెస్టు పెట్టించండి. "హ్యాజ్‌డైరెక్ట్‌చైల్డ్"కు రెండు మెట్ల కింద ఉన్నదాన్ని ఇచ్చి, పట్టుకోలేదని టెస్టులో రాయాలి. పేరు చదివి అనుమానం వచ్చినవాడు టెస్టు తెరిస్తే జవాబు అక్కడ ఉంటుంది.

గద్వాల_ఎస్‌ఎస్‌ఏ

ఒక చిన్న సందేహం అక్కా. మీ "హ్యాజ్‌డిసెండెంట్" మొదలుపెట్టిన నోడ్‌ను కూడా లెక్కలోకి తీసుకుంటుందా? షరతు మొత్తం స్టర్‌లెన్ కాలే అయితే, అంటే లెస్ దేన్ లేకుండా ఒట్టి కాల్ ఒక్కటే ఉంటే? క్లాంగ్‌లో హ్యాజ్‌డిసెండెంట్ తనను తాను చూసుకోదు. తనతో కలిపి కావాలంటే ఫైండ్‌ఆల్ ఉంది, కానీ ఆ పేరులో "తనతో కలిపి" అన్న మాటే లేదు.

మిర్యాలగూడ_ఎడమకాలువ

లేదు అన్నా, తీసుకోదు. మీరు అడిగాక ఇప్పుడే రాసి చూశాను. షరతులో ఒట్టి స్టర్‌లెన్ పెడితే పట్టుకోలేదు. ఇలాంటి షరతు నిజంగానే రాస్తారు, స్ట్రింగ్ ఖాళీ అయ్యేదాకా తిరగమని.

"సెల్ఫ్‌ఆర్‌డిసెండెంట్" అని ఇంకో ఫంక్షన్ చేరుస్తున్నాను. క్లాంగ్‌లో క్లాసుల వారసత్వానికి ఈజ్‌డిరైవ్డ్‌ఫ్రమ్ పక్కన ఈజ్‌సేమ్‌ఆర్‌డిరైవ్డ్‌ఫ్రమ్ అని ఉంది కదా, ఆ జంట పద్ధతిలోనే. తెలుగులో చెబితే "తనే స్టర్‌లెన్ అయిన, లేదా తన కింద ఎక్కడైనా స్టర్‌లెన్ ఉన్న షరతు". పొడుగ్గానే వచ్చింది కానీ ఎక్కడా తడబడలేదు. స్టర్‌లెన్ రూల్‌ను దీని మీదికే మారుస్తున్నాను.

కొత్త పేర్లతో మా కోడ్ మొత్తం మీద ఆ రూల్ ఒకసారి నడిపాను, తొమ్మిది చోట్ల హెచ్చరిక వచ్చింది. అందులో ఆరు "మైనస్ ఒకటి" ఉన్నవే. ట్రై బ్లాక్ రూల్స్ రెండూ రేపు చూడాలి. పాప లేచింది, మిగతాది రివ్యూ అయ్యాక రాస్తాను.